ముట్టుకోకు, దానంతటదే ఆరుతుంది

ముందు గది, కిటికీ పక్క మంచం మీద నుంచి

ఒరేయ్ బామ్మర్దీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, బతికే ఉన్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మా చెల్లెమ్మ అడిగితే, మీ ఆయన చెవుల పుణ్యం అని చెప్పు. నూలు మిల్లు మోతకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. నీతో ఫోన్లో మాట్లాడాలంటే అరవాలి. నేను చెప్పబోయేది అరిచి చెప్పే విషయం కాదు. పైగా మా ఇంట్లో గదికీ గదికీ మధ్య గోడ ఉందన్న మాటే గాని, మీ అక్క వంటింట్లో చెంచా కింద పెడితే ఇక్కడ నాకు వినపడుతుంది.

హెర్నియా ఆపరేషన్ బాగా జరిగిందని నీకు తెలుసు. గజ్జ దగ్గర కండరం పగిలి పేగు బయటికి తొంగి చూస్తోందనీ, దాన్ని లోపలికి నెట్టి, పగులు మీద వల లాంటిది పరిచి కుట్టేశామనీ చెప్పింది డాక్టరమ్మ. వింటూనే ఆమె మీద గౌరవం పెరిగింది. శ్లాబు పగిలితే నేను చేసేదీ అదే కదా. పగులు మీద జాలీ పరిచి పైన నీళ్లు దిగని సిమెంటు మసాలా పూస్తాను. "ఎన్నాళ్ల గ్యారంటీ అమ్మా?" అని అడిగాను. నవ్వింది. నేను నవ్వించడానికి అడగలేదు.

అసలు సంగతికొస్తాను. ఇంటికొచ్చిన వారం దాటాక ఒక పొద్దున స్నానం చేస్తూ చూసుకుంటే, పాత ఉబ్బు ఉన్నచోటే మళ్లీ ఉబ్బు. మొదట నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు కోడిగుడ్డంత అయింది. నొప్పి లేదు. వేలితో నొక్కితే లోపల నీళ్లున్నట్టు కదులుతోంది. నిలబడితే ఉంది, పడుకుంటే ఉంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ప్యాంటు జేబులో ఏదో పెట్టుకుని మర్చిపోయినట్టుంది.

ఆపరేషన్ చెడిందనే నా అనుమానం. మీ అక్కకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఆమె ఈ మధ్య మరీ వింతగా ఉంది. పొద్దున్నే నేను కళ్లు తెరవకముందే వచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి, కాసేపుంచి వెళ్లిపోతోంది. పెళ్లైన కొత్తలో కూడా ఇంత ప్రేమ చూడలేదు. వయసు మీద పడుతోంది కదా పాపం. ఇలాంటప్పుడు ఆమె మనసు కష్టపెట్టడం దేనికి?

నువ్వు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషివి. ఏం చెయ్యాలో నువ్వే రాయి.

అన్నట్టు మీ శ్లాబు ఎలా ఉంది? ఆస్పత్రిలో చేరేముందు చేసిన ఆఖరి పని అది. చెమ్మ ఆరిందా?

నీ బావ

*

పడక గది, సీలింగ్ మచ్చ కింద నుంచి

బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి తెలియకుండా చదువుదామని పెరట్లోకి వెళ్లాను. ఆమె వెనకే వచ్చి భుజం మీద నుంచి చదివేసింది. చెవులు లేనివాడికి అడుగుల చప్పుడు ఎలా తెలుస్తుంది చెప్పు. చదివి ఒక్క మాటే అంది. "డాక్టరుకి చూపించుకోమనండి" అని. ఆ మాత్రం చెప్పడానికి నేనెందుకు, పేపరు ఎందుకు?

ఊరందరి ఇళ్ల మీదికీ ఎక్కి చూసేవాడివి, నీ ఇల్లు చూపించుకోడానికి సిగ్గేమిటి? డాక్టరమ్మ చూడనిదా? ఆపరేషన్ కళ్లు మూసుకుని చేసిందా?

శ్లాబు సంగతి ఒంట్లో బాగాలేనివాడికి చెప్పకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి చెబుతున్నాను. మచ్చ పోలేదు. అప్పుడు పళ్లెమంత ఉండేది, ఇప్పుడు చేటంత అయింది. బయట వాన లేదు, చినుకు లేదు. అయినా రోజూ నాలుగు చుక్కలు రాలుతున్నాయి, అవీ సరిగ్గా నా దిండు మీద. మీ చెల్లెలి దిండు మీద ఒక్కటీ పడదు. అందుకే ఆమె "మా అన్నయ్య చేసిన పని కారదు" అంటుంది. ఆమె వైపు కారడం లేదు మరి.

ఇక్కడ డ్రిల్లింగ్ మెషీన్ ఉన్న అతను ఒకడు చూసి వెళ్లాడు. మచ్చ మధ్యలో ఒక్క బొక్క పెడితే నీళ్లన్నీ ఒకేసారి దిగిపోతాయి, పీడా వదిలిపోతుంది అంటున్నాడు. నీకొక మాట చెప్పి పెట్టిద్దామని ఆగాను.

నీ బామ్మర్ది

*

అదే మంచం మీద నుంచి, లేచి కూర్చుని

ఒరేయ్,

ముట్టుకోకు. ముందు ఆ మాట చదువు, మిగతాది తర్వాత చదువు. ఆ డ్రిల్లింగ్ వాడు మళ్లీ గుమ్మం ఎక్కితే, నేను చచ్చానని చెప్పి పంపెయ్. చావింట్లో ఎవడూ డ్రిల్లింగ్ చెయ్యడు.

మీ శ్లాబు ఏళ్ల తరబడి నీళ్లు తాగిందిరా. నేను పైన పగులు మూశాను. కొత్త నీళ్లు రావు. మరి అంతకుముందే చేరిన నీళ్లు ఎక్కడికి పోతాయి? లోపల ఖాళీ ఉన్నచోట నిలుస్తాయి. మచ్చ పెద్దదవుతుంది. చూసినవాడికి పని చెడినట్టే ఉంటుంది. అది చెడటం కాదు, ఆరటం. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. దానంతటదే ఆరుతుంది. మధ్యలో పొడిచావా, ఆ డ్రిల్లు పోయి పోయి నేను పరిచిన జాలీని చీలుస్తుంది. బాగున్న పని అప్పుడు నిజంగా చెడుతుంది. నా పని చెడి నన్ను పిలిచినవాళ్ల కంటే, ఓపిక లేక పొడిచి చెడగొట్టుకుని పిలిచినవాళ్లే ఎక్కువ. జనానికి నోరు ఊరుకున్నా చెయ్యి ఊరుకోదు. దిండు అటు వైపు జరుపుకుని పడుకో.

ఇక నా విషయం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లను. దానికో కారణం ఉంది, కాగితం మీద పెట్టేది కాదు. కానీ ఉపాయం దొరికింది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు నీకు గుర్తున్నాడా, వాళ్ల మందుల గది కప్పు నేనే బాగుచేశాను. నా పేరు రానివ్వకుండా, నాకు తెలిసిన ఒకాయనకి ఇలా ఉంది అని కదిపాను. "గేదెకైనా మనిషికైనా నీళ్లు నీళ్లే. లావు సూదితో లాగేస్తే అక్కడికక్కడే తగ్గిపోతుంది. మీకు ఏ రోజు వీలవుతుంది?" అన్నాడు.

పొడిచి నీళ్లు తీసేస్తే ఉబ్బు ఉండదు. ఉబ్బు లేకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆలోచించుకుంటున్నాను.

నీ బావ

*

పడక గది, తలుపు గడియ పెట్టుకుని

బావా,

నీ ఉత్తరం అద్భుతంగా ఉంది. దాచుకోదగ్గ ఉత్తరం. అందులో కొంత నీకే ఎత్తి రాస్తున్నాను. శ్లాబు అన్నచోట నీ గజ్జ అనీ, నేను అన్నచోట డాక్టరమ్మ అనీ, జాలీ అన్నచోట వల అనీ, డ్రిల్లు అన్నచోట గేదెల సూది అనీ మార్చాను. ఇంకొక్క అక్షరం ముట్టుకోలేదు.

"నీ గజ్జ ఏళ్ల తరబడి నీళ్లు తాగిందిరా. డాక్టరమ్మ పైన పగులు మూసింది. మరి అంతకుముందే చేరిన నీళ్లు ఎక్కడికి పోతాయి? లోపల ఖాళీ ఉన్నచోట నిలుస్తాయి. చూసినవాడికి పని చెడినట్టే ఉంటుంది. అది చెడటం కాదు, ఆరటం. మధ్యలో పొడిచావా, ఆ గేదెల సూది పోయి పోయి డాక్టరమ్మ పరిచిన వలని చీలుస్తుంది."

ఇది చదువుతుంటే నీ గొంతే వినపడుతోంది. నాకు వినపడటమంటే మాటలా?

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని విన్నాను గాని, కుడితిలో ఈదుతూ కూడా శకునాలు చెబుతున్న బల్లిని ఇప్పుడే చూస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నీ ఒంట్లో ఉన్నది అదేనో కాదో నాకు తెలీదు. తెలిసిన ఆమెకి చూపించుకో. చూపించుకోకపోవడానికి ఆ కారణమేదో ఉందన్నావు. అది కాగితం మీద పెట్టు. ఈసారి పెరట్లోకి కాదు, స్నానాల గదిలోకి వెళ్లి చదువుతాను.

మా సీలింగ్ గురించి నువ్వు దిగులు పడకు. ఒంట్లో బాగాలేనప్పుడు ఆ ఆలోచనలెందుకు? మీ చెల్లెలు కులాసా. దిండ్లు కులాసా. కొత్త బకెట్ ఒకటి కొన్నాం, ఎప్పుడైనా పనికొస్తుందని.

నీ బామ్మర్ది

*

సామాన్ల షెడ్డు, తారు డ్రమ్ము మీద కూర్చుని

ఒరేయ్ బామ్మర్దీ,

నా మాటలు నాకే వడ్డిస్తావా? శ్లాబుకి ప్రాణం లేదు, నాకుంది. శ్లాబు నెల రోజులు ఆగమంటే ఆగుతుంది. శ్లాబుకి పెళ్లాం లేదు.

కారణం అడిగావు, చెబుతున్నాను. ఇంటికొచ్చిన మొదటి వారంలో, మీ అక్క మార్కెట్‌కి వెళ్లినప్పుడు, కాళ్లు ఊరుకోక వీధి చివర నా వాళ్లు చేస్తున్న పని చూడ్డానికి వెళ్లాను. చూడ్డానికే. అక్కడ కింద రెండు బకెట్ల మసాలా కలిపిపెట్టి ఉంది. ఎత్తి పైకి మోయాల్సిన మేస్త్రీ టీకి పోయాడు. వాడి పేరే టీ మేస్త్రీ. ఆ మసాలా కలిపాక కాసేపటికే గడ్డకడుతుంది, గడ్డకట్టాక ఉలితో కొట్టినా రాదు. నా కళ్ల ముందే పొర కడుతోంది. ఇంకేం చెయ్యను? రెండు చేతుల్లో రెండు బకెట్లూ పట్టుకుని మేడ ఎక్కేశాను. ఎక్కాక గుర్తొచ్చింది, నేను ఎవరినో, నాకేం జరిగిందో. తర్వాతి వారమే ఈ ఉబ్బు.

బరువెత్తనని ఆస్పత్రి మంచం మీద మీ అక్క చేతిలో చెయ్యేసి చెప్పాను రా. ఆపరేషన్ గదిలోకి నన్ను తోసుకెళ్తుంటే ఆమె మొహం చూశాను. ఆ మొహం మళ్లీ చూడలేను. ఇప్పుడు వెళ్తే డాక్టరమ్మ "ఏమైనా ఎత్తారా?" అని అడుగుతుంది, మీ అక్క పక్కనే కూర్చుని ఉంటుంది. వల చిరిగితే మళ్లీ కొయ్యాలి. మళ్లీ కోస్తే, మీ అక్క నన్ను ఇక నిచ్చెన ఎక్కనివ్వదు. ఎక్కద్దంటే నేను కాదనలేను, మాట తప్పిన మొగుణ్ణి కాబట్టి. నిచ్చెన ఎక్కకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి? నాకు భయంగా ఉంది. నవ్వితే నవ్వుకో.

గురువారం మీ అక్క తన స్నేహితురాలి ఇంటికి వెళ్తోంది. కాంపౌండరు ఇంటికే వస్తానన్నాడు. సూది వేడినీళ్లలో ఉడకబెడతానన్నాడు, అంత శుభ్రమైన మనిషి. ఫోన్ మాత్రం చెయ్యకు.

ఇంతకీ ఆ కొత్త బకెట్ దేనికి?

నీ బావ

*

ఆస్పత్రి వరండా, బెంచీ మీద నుంచి

ఒరేయ్ చెవిటి మాలోకమా,

నీ ఫోన్ వచ్చింది. మా వీధి మొత్తానికి వచ్చింది.

గురువారం మీ అక్క స్నేహితురాలికి జలుబు చేసింది. అందుకని మీ అక్క ఇంట్లోనే ఉండిపోయింది. కాంపౌండరుకి ఆ సంగతి చెప్పే వీలు నాకు దొరకలేదు. అతను పెట్టె పట్టుకుని సరిగ్గా గుమ్మంలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. మీ అక్క తీసింది. నీ ఫోనంటే ఆమె ఎప్పుడూ స్పీకరు నొక్కి అర గది దూరంలో పెడుతుంది. నువ్వు "హలో" కూడా అనలేదు. నీకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుంటావు.

"బావా, ఆ నీళ్లగడ్డకి సూది పెట్టించకు. గేదెల సూది అసలు పెట్టించకు. నీ మాట వినకుండా సీలింగ్‌కి బొక్క పెట్టించాను. అంతకుముందు చుక్కలు, ఇప్పుడు బకెట్ నిండుతోంది, పైన కడిగిన నీళ్లన్నీ మంచం మీదే. నువ్వు నాలా చెయ్యకు బావా. నువ్వు బకెట్లు ఎత్తిన సంగతి అక్కకి చచ్చినా చెప్పనులే."

మీ అక్క ఫోను పెట్టేసింది. నన్ను చూసింది. తర్వాత గుమ్మంలో ఉన్న పెట్టెని చూసింది. కాంపౌండరు, మందుల గది కప్పు గురించి మాట్లాడదామని వచ్చానండీ అన్నాడు. గేటు దాకా మామూలుగానే నడిచాడు. గేటు దాటాక పరిగెత్తాడు. ఎదురింటాయన గోడ మీద నుంచి తొంగి చూసి, "సీలింగ్‌కా, మీకా అండీ బొక్క?" అని అడిగాడు. నిండా మునిగినవాడికి చలేమిటి.

మీ అక్క చెప్పులేసుకుంది. నేనూ వేసుకున్నాను. ఆమె ముందు, నేను వెనక, ఆస్పత్రికి వచ్చాం.

డాక్టరమ్మ పడుకోబెట్టి చూసింది, నిలబెట్టి దగ్గమంది, స్కానింగ్ తీయించింది. నన్ను అడగకముందే బకెట్ల సంగతి చెప్పేశాను, వీధి విన్నది ఆమె వినకూడదా. ఆమె అంది, "వల చెక్కుచెదరలేదు. ఇది హెర్నియా కాదు. ఇన్నాళ్లూ పేగు ఉబ్బి కూర్చున్న చోటు ఖాళీ అయింది కదా, ఆ ఖాళీలో నీరు చేరింది. సెరోమా అంటాం. బకెట్లు మోయకపోయినా చాలామందికి వస్తుంది. మోసినందుకు మాత్రం తిట్లు పడాల్సిందే. వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో ఒళ్లే పీల్చేసుకుంటుంది. జ్వరమొచ్చినా, అక్కడ ఎర్రబడినా, నొప్పి పెరిగినా వెంటనే రండి. లేదంటే ముట్టుకోకండి. సూది పెట్టి ఉంటే క్రిములు వలకి పట్టి, వల తీసేయాల్సి వచ్చేదేమో. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, దానంతటదే పోతుంది."

నేను తల దించుకున్నాను. నువ్వు ఎత్తి రాసిన ముక్కలు కళ్ల ముందు తిరిగాయి. జీవితమంతా జనాన్ని ఈ మాటతోనే తిట్టాను.

వల బాగుంది. నేనూ బాగున్నాను. కానీ మీ అక్క ఇంకా మాట్లాడటం లేదు. ఇంటికి వెళ్లగానే షెడ్డుకి తాళం వేసి చెవి తన దగ్గర పెట్టుకుంటానని మాత్రం, నాతో కాదు, డాక్టరమ్మతో అంది. నిచ్చెన ఆ షెడ్డులోనే ఉంది.

ఇప్పుడు మందుల కోసం లైన్లో నిలబడింది. ఆమె వచ్చేలోపు ఇది ముగించాలి. నీ సీలింగ్ గురించి నాకు నోరు రావడం లేదు. బకెట్ నిండినప్పుడల్లా పారబొయ్యి.

నీ బావ

*

వంటింటి బల్ల

తమ్ముడూ,

మీ బావ కాగితాలు పెట్టుకునే పెట్టెలో నీ చిరునామా దొరికింది. నీ ఉత్తరాలు కూడా అక్కడే ఉన్నాయి. చదవలేదు. నీ ఫోన్ విన్నాక చదవడానికి ఏం మిగిలింది?

నాకేమీ తెలియదని ఇద్దరు మగాళ్లు ఇన్నాళ్లు కాగితాలు ఖరాబు చేశారు. బకెట్లెత్తిన రోజే నాకు తెలుసు. పంచె అంచుకి ఆ మసాలా అంటుకుని గట్టిపడిపోయింది. రెండు రోజులు నానబెట్టినా వదల్లేదు. మంచం మీద పడుకున్నాయన పంచెకి మసాలా ఎలా వస్తుంది? ఇక ఉబ్బు సంగతి. బాతులా నడుస్తున్న మనిషిని చూసి కారణం తెలుసుకోలేకపోతే నేను ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసినట్టే కాదు. ఆ వారమే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. బకెట్ల సంగతీ చెప్పాను. అది చాలావరకు నీరే అయ్యుంటుందనీ, మొదట అనుకున్న తేదీకి తీసుకొస్తే చూస్తాననీ, ఈలోగా రోజూ జ్వరం ఉందేమో చూస్తుండమనీ చెప్పింది. అందుకని పొద్దున్నే ఆయన లేవకముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని.

మరి అడగలేదేం అంటావా? అడిగితే ఆయన కాదంటాడు. కాదన్నాక, ఆ కాదు మీద ఇంకో కాదు కడతాడు. మీ బావ అందరికీ చెప్పే మాటే ఉంది కదా, పొడవకుండా ఆగితే లోపలున్నది దానంతటదే బయటికొస్తుందని. ఆగాను. ఆయన నోటితో చెబుతాడని ఎదురుచూశాను. నీ నోటితో వచ్చింది.

సూది సంగతి మాత్రం నాకు తెలీదు. ఆ పెట్టె చూశాక, నేను ఇంట్లో లేకపోయుంటే ఏమయ్యేదో అనిపించింది. అందుకే మాట్లాడలేదు, కోపంతో కాదు. నోరు తెరిస్తే ఏడుస్తానని. ఏడిస్తే ఆయన తట్టుకోలేడు.

షెడ్డు తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆయన్ని నిచ్చెన ఎక్కద్దనడానికి కాదు. నిచ్చెన ఎక్కని మీ బావతో నేను మాత్రం ఎలా వేగుతాను? నన్ను అడిగి తీసుకోవాలి, అంతే. ఇంతవరకూ అడగలేదు. ఈ ఉత్తరం సంగతి ఆయనకి చెప్పకు. ముఖ్యంగా ఫోన్లో చెప్పకు.

అక్క

*

మేడ మీద నుంచి, నిచ్చెన దిగకముందు

ఒరేయ్ బామ్మర్దీ,

ఉబ్బు పోయింది. కోడిగుడ్డు నిమ్మకాయ అయ్యింది, నిమ్మకాయ రేగుపండు అయ్యింది, మొన్న వెతికితే దొరకలేదు. డాక్టరమ్మ చూసి, ఇక మీ పని మీరు చేసుకోవచ్చు, బకెట్లు మాత్రం నిదానంగా, అంది. గ్యారంటీ ఎన్నాళ్లని మళ్లీ అడిగాను. "మీ శ్లాబులకి మీరు ఎన్నాళ్లు ఇస్తారు?" అంది. దండం పెట్టి వచ్చేశాను.

తాళంచెవి అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. దొంగతనంగా తీసుకుందామని కూడా అనుకున్నాను, నీ దగ్గర దాపరికమెందుకు. చివరికి ఆమె కూరగాయలు తరుగుతుంటే వెళ్లి నిలబడ్డాను. బకెట్లు ఎత్తాను, నీకు చెప్పలేదు, భయపడ్డాను, తప్పే అన్నాను. నేను ఇంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదేమో, ఆమె కత్తి పక్కన పెట్టింది. "భయం దేనికి?" అంది. నిచ్చెన ఎక్కనివ్వవేమోనని, అన్నాను. "నీకేమవుతుందోనని నేను భయపడితే నువ్వు నిచ్చెన గురించి భయపడ్డావా?" అంది. అని, ఉల్లిపాయల బుట్టలోంచి తాళంచెవి తీసిచ్చింది. అన్నాళ్లూ అది అక్కడే ఉంది. నేను వంటింట్లో ఏ పనీ చెయ్యనని దానికీ తెలిసినట్టుంది.

ఇవాళ మొదటిసారి ఎక్కాను. ఆమె కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ పని చోటికి రాలేదు. వద్దు, టీ మేస్త్రీ పట్టుకుంటాడు అన్నాను. "ఏడీ?" అంది. నిజమే, లేడు.

వచ్చే వారం ఇద్దరం మీ ఇంటికి వస్తున్నాం. మీ సీలింగ్ బొక్క చూస్తాను. నేను వచ్చేదాకా దాన్ని గుడ్డలతో కుక్కకు, దాని మీద రంగు వెయ్యకు, ఆ డ్రిల్లింగ్ వాణ్ణి సలహా అడగకు. బకెట్ ఉందిగా. మా చెల్లెమ్మని నా మీద నమ్మకం వదులుకోవద్దని చెప్పు.

ఇంకో సంగతి. పొద్దున్నే నుదుటి మీద చెయ్యి పెట్టడం ప్రేమ కాదు, జ్వరం చూడ్డమని తాళంచెవి ఇచ్చిన రోజు ఆమే చెప్పింది. నేను ఎవరికి ఏమని గొప్పలు చెప్పుకున్నానో తలుచుకుని సిగ్గేసింది. నువ్వు కూడా ఆ ముక్క మర్చిపో.

ఇప్పుడు జ్వరం చూడాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పేసింది కదా. అయినా ఇవాళ పొద్దున కూడా వచ్చి చెయ్యి పెట్టింది. ఎందుకని అడుగుదామనుకున్నాను. అడిగితే మానేస్తుందేమోనని కళ్లు మూసుకునే పడుకున్నాను.

నీ బావ